తొమ్మిదో మంచం చెప్పిన నంబరు

వృద్ధుల హోములో ఆయా కళ్యాణి మూడోసారి కూడా అదే చెప్పింది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు.

శుక్రవారం పొద్దున్న ఆరూ నలభైకి ఆమె తొమ్మిదో గదిలోకి వెళ్లింది. దోమతెర దించి ఉంది. తెర ఎత్తితే వెంకటరావుగారికి చలీ కోపమూ రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి ఎత్తలేదు. బయటే నిలబడి నంబరు అడిగింది. లోపలి నుంచి నంబరు వచ్చింది. ఏడూ పదికి మీటింగులో ఆ నంబరు చెప్పింది. తొమ్మిదీ పావుకి టిఫిను పళ్లెం తీసుకెళ్లి తెర ఎత్తితే మనిషి కొయ్యబారి ఉన్నాడు. తర్వాత వచ్చిన డాక్టరు, ప్రాణం తెల్లవారుజామున నాలుగింటికే పోయిందని రాసి వెళ్లాడు.

అంటే, పోయిన రెండు గంటల నలభై నిమిషాలకి వెంకటరావు నోరు తెరిచి నంబరు చెప్పాడన్నమాట.

సుచరిత ఈ నాలుగు టైములూ నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి వేసుకుని, పెన్ను మూత పెట్టింది. రైల్వే సేఫ్టీ బ్రాంచిలో ఇరవై రెండేళ్లు యాక్సిడెంటు ఎంక్వయిరీలు చేసి, స్వచ్ఛందంగా రిటైరై, ఇప్పుడు ఖరగ్‌పూర్‌ ఝపటాపూర్‌లో సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. ఎదుటివాళ్ల కన్నీళ్లు చూసి కాక, వాళ్లు చెప్పే నిమిషాలు చూసి నమ్మడం ఆవిడకి అలవాటు. కళ్యాణి నిమిషాలు నమ్మేలాగే ఉన్నాయి. నమ్మడానికి వీల్లేనిది ఒక్క వెంకటరావు నోరే.

ఆ శనివారం పొద్దున్నే కళ్యాణి తండ్రి అప్పలకొండ, వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగినాయన, సుచరిత గుమ్మంలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "నా పిల్ల ముసిలోళ్లని సంపీ పిల్ల కాదమ్మా" అన్నాడు. ఇంకేమీ చెప్పలేకపోయాడు. ఆదివారం పది గంటలకి పోలీసులు వస్తున్నారు. కేసు కళ్యాణి మీద పడడానికి కావలసిన రిపోర్టు అప్పటికే సగం తయారైంది. ఈ కథలో సుచరిత చేతిలో ఉన్న టైము అంతే.

ఈ నంబరు గొడవ ఏమిటో ఖరగ్‌పూర్ వాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్లకి చెప్పాలి. ఒక స్టేషను మాస్టరు పక్క స్టేషనుకి రైలు పంపాలంటే ఊరికే ఫోనులో "పంపించు" అంటే చాలదు. అవతలి మాస్టరు తన దగ్గరున్న షీటులో గజిబిజిగా అచ్చేసి ఉన్న అంకెల్లోంచి, వరసలో తర్వాతది చదివి చెప్పి, దాన్ని కొట్టేస్తాడు. దాన్నే ప్రైవేట్ నంబర్ అంటారు. అవతల ఒక మనిషి మెలకువగా ఉన్నాడు, తెలిసే మాట ఇచ్చాడు అనడానికి అదే సాక్ష్యం.

శంకరనారాయణగారని ఒక రిటైరైన స్టేషను మాస్టరు, పదకొండేళ్ల కింద ఈ సాంధ్యనివాస్ అనే వృద్ధుల హోము పెట్టినప్పుడు, ఆ పద్ధతిని మంచాల దగ్గరికి తెచ్చాడు. ప్రతి మంచం తలవైపు గోడకి ఒక నంబర్ల షీటు. పొద్దున్నే ఆయా వెళ్లి, ఎలా ఉన్నారని అడిగితే, ఆ పెద్దాయనో పెద్దావిడో షీటులో తర్వాతి అంకె చెప్పి కొట్టేయాలి. ఏడూ పదికి రాత్రి డ్యూటీ వాళ్లూ పగటి డ్యూటీ వాళ్లూ అందరూ నిలబడి పది నిమిషాలు మీటింగు. కుర్చీలు నిషేధం. అందరికంటే చిన్న ఆయా ముందు మాట్లాడాలి, ఇన్‌ఛార్జి ఆఖర్న మాట్లాడాలి. మంచం మంచానికీ మార్పు ఉందా లేదా, నంబరెంత. ఏ మంచం నుంచైనా నంబరు రాలేదంటే మీటింగు అక్కడే ఆగిపోవాలి, అందరూ ఆ మంచం దగ్గరికి పరిగెత్తాలి. అన్ని నంబర్లూ వచ్చాక పగటి ఇన్‌ఛార్జి పుస్తకంలో సంతకం పెట్టి ఛార్జి తీసుకుంటాడు. సంతకం పడిన క్షణం నుంచీ ఏది జరిగినా పగటి వాళ్ల నెత్తిన. అంతకు ముందుది రాత్రి వాళ్ల నెత్తిన.

పోయినేడు శంకరనారాయణగారు పోయారు. మీటింగు మిగిలింది గానీ, వినడం ఆయనతోనే పోయింది. షీటుతో పుస్తకాన్ని సరిచూసే నాథుడు లేడు. పది నిమిషాల మీటింగు నాలుగు నిమిషాలైంది. "మార్పు లేదు, మార్పు లేదు" అని భజనలా పాడేసి ఎవరి దారిన వాళ్లు పోతున్నారు.

"అది తాతగారి గొంతేనా?" అని సుచరిత అడిగింది.

"పళ్లసెట్టు తీసీసినాక తాతగారి గొంతు అలాగే ఉంటాది మేడమ్. నూతిలోంచి వచ్చినట్టు. 'నాలుగు ఆరు' అన్నారు. తరవాత నాను గోడ మీది షీటు సూసినాను. నలభై ఆరే."

కాసేపు చున్నీ కొస వేలికి చుట్టుకుని, ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూసి, కళ్యాణి ఇంకో మాట కూడా చెప్పింది. మూడు వారాల కింద ఆరో మంచం ఆవిడ పోయినప్పుడు కూడా ఇలాగే పొద్దున్న నంబరు వచ్చింది. తొమ్మిదింటికి చూస్తే చల్లబడి ఉంది. అప్పటి నుంచీ పొద్దున్నే నంబర్లకి ఆయాలు ఇద్దరిద్దరుగా, చేతులు పట్టుకుని వెళ్తున్నారు. ఛార్జి అప్పగించేదాకా పోయినవాళ్లు కదలరని అనుకుంటున్నారు. ఈ ముక్క చెప్పేటప్పుడు కళ్యాణి ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. సుచరిత అవి చూసి, తన స్వెటరు చేతులు కిందకి లాక్కుంది.

సాయంత్రం ఆరూ ముప్ఫైకి ఇద్దరూ తొమ్మిదో గదిలోకి వెళ్లారు. జనవరి కావడంతో అప్పటికే చీకటి పడింది. గది వెనక వరండా చివర. పక్కది ఎనిమిదో గది, అందులో బాలాంబగారు. రైల్వే స్కూల్లో లెక్కలు చెప్పిన టీచరమ్మ, ఎనభై రెండేళ్లు. ఆ రెండు గదుల మధ్య గోడ అట్టంత పల్చన.

పరుపు మీద దుప్పటి మార్చారు గానీ దోమతెర ఎవరూ ముట్టుకోలేదు. దించింది దించినట్టే ఉంది. తలవైపు గోడకి నంబర్ల షీటు, దాని కింద అగ్గిపెట్టెలాంటి తెల్ల పెట్టె. మంచంలోంచి నర్సుల కౌంటరుకి మాట్లాడ్డానికి ఎప్పుడో ప్రతి గదిలోనూ బిగించిన ఇంటర్‌కం. బల్ల మీద పళ్లసెట్టు గిన్నె, కళ్లద్దాలు, ఎరుపూ పచ్చా అద్దాలున్న పాత రైల్వే టార్చి. సుచరిత టార్చి మీట నొక్కింది. వెలగలేదు.

"బాలాంబగారు ఒక మాట చెప్పారు" అని సుచరిత షీటు చూస్తూనే అంది. "శుక్రవారం పొద్దున్న వెంకటరావుగారి గొంతు మంచంలోంచి కాదు, గోడలోంచి వచ్చిందట. రేపు పోలీసుల ముందు కూడా అదే చెప్తానన్నారు."

కళ్యాణి సుచరిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఖాళీ మంచంలోంచి ఊపిరి వినబడుతోంది.

లోపలికి తీసుకోవడం, ఆగడం, వదలడం. వదిలేటప్పుడు చివర్న సన్నగా ముక్కులోంచి ఈల. తెర కదలడం లేదు. దిండు మీద గుంట లేదు. సుచరితకి నిజంగానే భయం వేసింది. భయం వేసినప్పుడు గడియారం చూసుకోవడం ఆవిడ మందు. ఆరూ నలభై ఎనిమిది. తెర ఎత్తి లోపలికి వంగింది. దుప్పటి సాపుగా ఉంది. ఊపిరి ఇంకా వినబడుతూనే ఉంది, ఇప్పుడు చెవి పక్కనే. తల తిప్పి గోడ మీది తెల్ల పెట్టెకి చెవి ఆన్చింది. టక్కుమని చప్పుడై, ఊపిరి ఆగిపోయింది.

చచ్చినవాళ్లెవరూ ఫోను పెట్టేయరు. సుచరిత గదిలోంచి కౌంటరు దగ్గరికి దాదాపు పరిగెత్తింది. ముప్ఫై అడుగులు, ఎనిమిది సెకన్లు. కౌంటరు దగ్గర ముగ్గురున్నారు. ఇంటర్‌కం రిసీవరు దాని స్థానంలో అది బుద్ధిగా ఉంది.

ఆయా వినీల శాలువాలు మడతపెడుతోంది. కలకత్తా నుంచి వచ్చిన డిటెక్టివ్ రాజ్ కిరణ్ కౌంటరు మీద మోచేతులు ఆన్చి ట్యాబ్‌లో టైపు చేసుకుంటున్నాడు. రాత్రి ఇన్‌ఛార్జి సిస్టరు దేవమణి అప్పుడే డ్యూటీకి వచ్చినట్టుంది, మెడకి మఫ్లరుతో, ఇంటి నుంచి తెచ్చిన పెద్ద ఫ్లాస్కు మూత విప్పుతోంది. ఆవిడ ఈ హోములో మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి. జుట్టు ఇక్కడే నెరిసింది. శుక్రవారం అందరూ కళ్యాణిని వేలెత్తి చూపిస్తుంటే దగ్గరికి తీసుకుని ఏడ్చింది ఆవిడొక్కర్తే. రాత్రిపూట ముసలివాళ్లకి సొంత పాలు వేడి చేసి తెచ్చి పోస్తుందని ఊరంతా చెప్పుకుంటారు.

ఇప్పుడు తొమ్మిదో గదికి మాట్లాడిందెవరని సుచరిత అడిగింది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"వెనక వరండా పెట్టెలు దుర్గాపూజ నాటి నించి పలకవమ్మా" అంది దేవమణి. "నానే పుస్తకంలో రాసినాను, బాగుసెయ్యండని. ఎవలు పట్టించుకుంటారు? నువ్వు వణుకుతున్నావేటి. కొంచెం పాలు తాగు."

సుచరితకి ఆ మాటతో సగం భయం పోయింది. పాలు మాత్రం వద్దంది. చిన్నప్పటి నుంచీ పాల మీగడ అంటే ఆవిడకి వాంతి. ఆ అయిష్టానికి ఆవిడ తర్వాత ఎంత రుణపడిందో అప్పుడు తెలియదు.

తిరిగి గదిలోకి వెళ్లి ఈసారి నోరు విప్పకుండా, ఉన్న ప్రతి వస్తువూ చేత్తో పట్టి చూసింది. టార్చి దగ్గర ఆగింది. నలభై ఏళ్లు రైళ్లు నడిపించిన స్టేషను మాస్టరు వెంకటరావు, మంచం పక్కన వెలగని టార్చి పెట్టుకుంటాడా? వెనక మూత తిప్పింది. సెల్సు లేవు. వాటి బదులు చుట్టచుట్టిన కాగితం ఉంది.

అది ఇంకో నంబర్ల షీటు. చేత్తో రాసింది. పైన వణుకుతున్న అక్షరాలతో వెంకటరావు, 'నేను ఇవ్వని నంబరు నా పేరున పడుతోంది. ఇక నుంచి అసలు నంబర్లు ఇవి' అని రాసుకున్నాడు. కింద పోయిన శనివారం నుంచి తేదీలూ అంకెలూ. మంగళవారం దగ్గర మాత్రం అంకె లేదు. 'ఇవ్వలేదు. ఎనిమిది దాటాక మెలకువ వచ్చింది. రాత్రి మాత్రలు ఒకటికి రెండు' అని ఉంది. గురువారంతో రాత ఆగిపోయింది.

సుచరిత కౌంటరు మీది మీటింగు పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుంది. శని, ఆది, సోమ, బుధ, గురువారాల్లో తొమ్మిదో మంచానికి కళ్యాణి చెప్పిన నంబర్లన్నీ టార్చిలోని కాగితంతో కలిశాయి. ఆ అంకెలు వెంకటరావుకి తప్ప లోకంలో ఎవరికీ తెలియవు కాబట్టి, ఆ ఐదు రోజులూ కళ్యాణి నిజంగానే ఆయన్ని అడిగింది, ఆయన నిజంగానే చెప్పాడు. మంగళవారం, శుక్రవారం మాత్రం పుస్తకంలో గోడ మీది షీటు అంకెలున్నాయి. ఆ రెండు రోజులూ తెర వెనక నుంచి పలికింది, గోడ మీది షీటు తప్ప ఇంకోటి ఎరగని మనిషి.

రాత్రి ఎవరో మోతాదు మించి నిద్రమందు ఇస్తున్నారు. వార్డు గొడవ లేకుండా పడుకోవాలని కావచ్చు. మంగళవారం ముసలాయన లేవకపోతే పెట్టెలోంచి గొంతు జవాబిచ్చింది. శుక్రవారం ఆయన ఇక లేవనే లేదు. అప్పుడూ గొంతు జవాబిచ్చింది, సంతకం పడింది, రాత్రి చావు పగటి ఖాతాలోకి దాటిపోయింది. ఛార్జి అప్పగింతలో చెడ్డ బండిని కాగితం మీద మంచిదని రాసి పక్క డ్యూటీకి తోసేయడం సుచరిత ఎన్నో ఎంక్వయిరీల్లో చూసింది. మనిషిని తోసేయడం ఇదే మొదటిసారి.

రాజ్ కిరణ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ ఊళ్లోనే ఖరిదాలో పెరిగిన కుర్రాడు, ఒకప్పుడు సుచరిత కిందే ఆరు నెలలు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు కలకత్తాలో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో ఉన్నాడు. హోము యాజమాన్యం అతన్ని పిలిపించుకుంది. కళ్యాణి నిర్లక్ష్యం వల్లే వెంకటరావు చావు సమయానికి బయటపడలేదని, నంబరు ఆమె గోడ మీద చూసి చెప్పేసిందని అతని రిపోర్టు.

"టార్చి నేనూ చూశాను దీదీ. సెల్ డెడ్ అని రాసుకున్నాను" అన్నాడు.

"అదే రాసుకుంటావని నాకు తెలుసు. మూత తిప్పాలని నేర్పానే, మర్చిపోయావా?"

అతను కాగితం చదివాడు. మొహంలో ఏదో కదిలింది, కానీ వెంటనే సర్దుకున్నాడు. మతిమరుపు ముసలాయన రాతలకి కోర్టులో విలువేమీ ఉండదన్నాడు. పెట్టెలోంచి గొంతు వచ్చిందంటే ఎస్సైగారు నవ్వుతాడన్నాడు. పలకని పెట్టెలోంచి అంటే ఇంకా నవ్వుతాడన్నాడు.

"ఆరూ నలభై ఎనిమిదికి కౌంటరు దగ్గర రిసీవరు ఎత్తిందెవరు?"

"నేను తల ఎత్తలేదు."

"లేకపోతే నువ్వే ఎత్తావా?"

రాజ్ కిరణ్ ట్యాబ్ మూసేశాడు. కోపం వస్తే అతని చెవులు ఎర్రబడతాయి, అప్పుడూ అంతే. "మీకు మనుషులంటే నమ్మకం లేదు. అందుకే మీ కింద ఆరు నెలలకంటే ఎవరూ ఆగలేదు" అన్నాడు. అది నిజం కాబట్టి సుచరితకి గట్టిగానే తగిలింది.

ఆ రాత్రి బాలాంబ గుమ్మం దగ్గర కూర్చుంటానని సుచరిత పట్టుబట్టింది. తాను తొమ్మిదో గదిలో వాగిన మాట పెట్టె అవతల ఎవరో విన్నారు. ఇప్పుడు ఆ ముసలావిడ ప్రాణం మీదికి తెచ్చింది తానే. కానీ ఏడు దాటాక బయటివాళ్లు ఉండకూడదని యాజమాన్యం ఆర్డరు ఉంది. రాజ్ కిరణ్ దాన్ని చూపించాడు. చివరికి, వరండా కెమెరా మానిటరు ముందు తాను తెల్లవార్లూ కూర్చుంటానని, రేపటి మీటింగు అయ్యేదాకా రిపోర్టు పంపనని మాటిచ్చాడు. మాటిచ్చేటప్పుడు ఆవిడ కళ్లలోకి చూడలేదు.

ఏడుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. సుచరిత బాలాంబ గదిలోకి వెళ్లి, ముందు టవలు మడిచి గోడ మీది పెట్టె నోరు కప్పింది. తర్వాత ముసలావిడ చెవిలో రెండే మాటలు చెప్పింది. రాత్రి ఎవరు మాత్ర ఇచ్చినా మింగొద్దు. పొద్దున్న నంబరు అడిగితే గోడ మీద ఉన్న ఏడు రెండు చెప్పొద్దు, ఒకటి ఎనిమిది చెప్పండి. ఈ సంగతి రాజ్ కిరణ్‌కి కూడా చెప్పలేదు.

బాలాంబకి భయం వేసినట్టు లేదు. కళ్లు మెరిశాయి. "బెంచీ కింద మాత్రలు ఊసీసిన పిల్లల్ని ఎంతమందిని సూసినానమ్మా. నాలిక కింద ఎలా పెట్టాలో నాకు తెలీదా?" అంది. తర్వాత మెల్లిగా, "పద్దెనిమిది. సులువుగానే గుర్తుంటాది" అని, సుచరిత అరచేతిలో వేలితో ఒకటీ ఎనిమిదీ రాసి చూపించింది. లెక్క అర్థమైందా అని పిల్లల్ని అడిగే అలవాటు ఇంకా పోలేదు.

మర్నాడు మంచు గేటు దాకా కనబడనివ్వలేదు. సుచరిత ఆరున్నరకే వచ్చినా, ఏడు కొట్టేదాకా వాచ్‌మన్ గేటు తీయలేదు. యాజమాన్యం ఆర్డరట. ఆ ముప్ఫై నిమిషాలూ ఆవిడ ఇనప ఊచలు పట్టుకుని నిలబడింది. ఏడూ ఎనిమిదికి హాలులోకి వెళ్లేసరికి అందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. రాత్రి ఆయాలు ఇద్దరు, పగటి ఆయాలు, డ్యూటీ తప్పించిన కళ్యాణి కాక, వినీలతో కలిపి ముగ్గురు. పగటి ఇన్‌ఛార్జి సిరిల్, పొడుగాటి మేల్ నర్సు, కళ్లు ఇంకా పూర్తిగా తెరవలేదు. దేవమణి చేతిలో ఛార్జి పుస్తకం, పుస్తకంలో పెన్ను. ఓ మూలగా రాజ్ కిరణ్, నిద్రలేక వాచిన మొహంతో. సుచరిత అతని వైపు చూసింది. ఎవరూ రాలేదన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు.

ఏడూ పది. మొదలైంది.

ఒకటో మంచం, మార్పు లేదు, ఐదు మూడు. రెండో మంచం, దగ్గు తగ్గింది, తొమ్మిది సున్నా. మూడు. నాలుగు. ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. సిరిల్ ఆవలించాడు. ఒక ఆయా చెప్పు వేలితో గచ్చు గీకుతోంది. ఇన్ని ప్రాణాల కబురు ఇంత నిర్లక్ష్యంగా చెప్పుకోవచ్చునని చూస్తుంటే సుచరితకి ఒళ్లు మండింది. శంకరనారాయణగారు బతికుంటే ఈ వరసలో ఒక్కొక్కర్నీ ఇంటికి పంపేవాడు. ఐదు. ఆరు ఖాళీ. ఏడు.

వినీల చీటీ చూసుకుని, మిగతా మంచాలకి చెప్పినట్టే చెప్పింది. "ఎనిమిదో మంచం. బాలాంబగారు. మార్పు లేదు. ఏడు రెండు."

దేవమణి తల ఊపి, "తర్వాత" అంది.

హాల్లో ఎవరికీ ఏమీ జరగలేదు. నంబరు వచ్చింది, షీటుతో కలిసింది, మంచం బాగుంది. ఆ అంకె పలికిన మనిషి కాక ఇంకొక్కరికే తెలుసు, పలికింది బాలాంబ కాదని. మెలకువగా ఉంటే ఆవిడ ఒకటి ఎనిమిది అనేది. మెలకువగా లేదు.

ఆఖరి మంచం తొమ్మిది, అది ఖాళీ. సుచరిత సిరిల్ చేతిలోకి వెళ్తున్న పెన్ను లాక్కుంది.

"సంతకం పెట్టొద్దు" అంది. గొంతు తనకే కొత్తగా వినబడింది. "వినీలా, నువ్వు బాలాంబగారి మొహం చూశావా?"

వినీల బిక్కమొహం వేసింది. తెర దించి ఉందని, చలని, అడిగితే లోపల్నించి చెప్పారని గొణిగింది. ఆ మాటలు పూర్తయ్యేసరికి సుచరిత వరండాలో ఉంది. వెనక సిరిల్, ఆ వెనక రాజ్ కిరణ్. "కెమెరాలో కొత్తవాళ్లెవరూ లేరు దీదీ" అని పరిగెడుతూనే అంటున్నాడు. "తొమ్మిదింటికి సిస్టరు మాత్రలూ పాలూ ఇచ్చి వెళ్లింది. అంతే. రోజూ వెళ్లేదే."

పాలు.

సుచరిత మాత్రలు మింగొద్దని చెప్పింది. పాలు తాగొద్దని చెప్పలేదు. ఆ ముసలావిడ మాత్రలు నాలిక కింద పెట్టి, కిటికీలోంచి ఊసేసి, పరీక్ష గెలిచినట్టు సంబరపడి, ఆ తర్వాత పాలు తాగి ఉంటుంది.

ఎనిమిదో గదిలో తెర దించి ఉంది. పెట్టె మీద కప్పిన టవలు నేల మీద మడతపెట్టి ఉంది. బల్ల మీద స్టీలు గ్లాసు, అడుగున ఎండిన మీగడ. కిటికీ ఊచల దగ్గర సగం కరిగిన తెల్ల మాత్ర ఒకటి. సిరిల్ తెర చింపినంత పని చేశాడు. నిద్రకళ్ల మనిషి ఒక్క క్షణంలో మాయమై, అసలైన నర్సు బయటికి వచ్చాడు. ముసలావిడ మెడ మీద వేళ్లు పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. బాలాంబ ఛాతీ ఒకసారి లేచింది. చాలాసేపటికి గానీ రెండోసారి లేవలేదు.

"ఉంది" అన్నాడు సిరిల్. "ఆక్సిజన్ తీసుకురండి. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి, జల్దీ."

గుమ్మం దాకా వచ్చిన వినీల ఆక్సిజన్ కోసం పరిగెత్తింది. రాజ్ కిరణ్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. సుచరిత బాలాంబ కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, కానీ ఇంకా మెత్తగానే ఉన్నాయి. నిన్న సాయంత్రం తన అరచేతిలో పద్దెనిమిది రాసిన వేలు అది. గడియారం చూసుకుంది. ఏడూ పదహారు.

అప్పుడు గోడ మీది పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది.

దుర్గాపూజ నాటి నుంచి పలకదన్న పెట్టె. గదిలో ముగ్గురూ తలలు తిప్పి దానికేసి చూశారు. ఫోను పట్టుకున్న రాజ్ కిరణ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. హాలులో అందరి మధ్యా నిలబడి ఉండలేక, ఇక్కడికి వచ్చి చూడలేక, మంచం మీది మనిషి ఉందో పోయిందో తెలుసుకోకుండా ఆగలేక, ఒక చెయ్యి అలవాటు చొప్పున రిసీవరు ఎత్తేసింది. ఇరవై ప్రశ్నలు వేసినా రాని సమాధానం ఆ ఒక్క అలవాటుతో వచ్చేసింది.

"ఎలాగున్నారమ్మా ఆవిడ?" అంది దేవమణి గొంతు, రోజూ మీటింగులో అడిగినంత ఆప్యాయంగా. "మార్పేటైనా ఉన్నాదా?"

సుచరిత పెట్టె దగ్గరికి వంగింది. బాలాంబ చెయ్యి వదల్లేదు.

"ఉంది సిస్టర్. మనిషి బతికే ఉంది. పుస్తకంలో సంతకం పడలేదు" అంది. "ఛార్జి ఇంకా మీదే."

పెట్టెలోంచి ఊపిరి మాత్రం వినబడింది, వదిలేటప్పుడు చివర్న సన్నగా ముక్కులోంచి ఈలతో, నిన్న సాయంత్రం ఖాళీ మంచంలోంచి వినబడినట్టే.